కొత్త ప్రాసెసర్ కొనాలా వద్దా? నేను తేల్చుకున్న తీరు

2024 ఆగస్టులో ఏఎండీ కంపెనీ రైజెన్ 9000 సిరీస్ ప్రాసెసర్లు మార్కెట్లోకి వచ్చిన రోజే మా తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నయ్యా, 9700ఎక్స్ వచ్చేసింది. ఇంక ఆ పాతదాన్ని వదిలెయ్" అన్నాడు. నా మనసూ అటే లాగుతోంది. నా దగ్గరున్నది రైజెన్ 5 3600. 2019 నాటి ప్రాసెసర్, ఆరు కోర్లు (లెక్కలు చేసే యూనిట్లు), పన్నెండు థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరసలు). ఒక పెద్ద సీ ప్లస్ ప్లస్ ప్రాజెక్టు మీద పని చేస్తాను. కోడ్ రాసే సమయం కంటే బిల్డ్ (రాసిన కోడ్‌ను నడిచే ప్రోగ్రామ్‌గా మార్చడం) ఎప్పుడవుతుందా అని ఎదురుచూసే సమయమే ఎక్కువైపోతోందని అప్పటికే విసుగ్గా ఉంది.

రెండు రోజులు రివ్యూలు చదివాను. చార్టుల్లో సగం గేమ్‌లవే. అవి కూడా 1080పీ రిజల్యూషన్‌లో, అన్నిటికంటే ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు పెట్టి చేసినవి. అలా చేయడంలో తప్పేమీ లేదు. గ్రాఫిక్స్ కార్డు అడ్డుపడితే ప్రాసెసర్ల మధ్య తేడా బయటికి రాదు. కానీ మామూలు కార్డుతో, ఇంకా ఎక్కువ రిజల్యూషన్ అయిన 1440పీలో ఆడేవాళ్లకు ఆ తేడా చాలావరకు కనిపించదు. మా తమ్ముడు ఆడేది అలాగే. నాకు కావలసినవి కంపైల్ చార్టులు, అంటే కోడ్ బిల్డ్ అవడానికి పట్టే సమయం చూపేవి. అవేమో మొత్తం ప్రాజెక్టును మొదటి నుంచి బిల్డ్ చేసి కొలిచినవి. నేను రోజూ చేసేది అదేనా?

అక్కడ ఆగి, ఒక నోట్‌బుక్ పక్కన పెట్టుకున్నాను. వారం రోజుల పాటు ఎదురుచూసిన ప్రతిసారీ దేనికోసం ఆగానో, ఎంతసేపు ఆగానో, ఆ సమయంలో టాస్క్ మేనేజర్ ఏం చూపిస్తోందో రాసుకున్నాను. ఈ మొత్తం వ్యవహారంలో నాకు నిజంగా పనికొచ్చింది ఆ నాలుగు పేజీలే.

ఫుల్ బిల్డ్ వారంలో మూడుసార్లే చేశాను. ఒక్కోటి 14 నిమిషాలు, పన్నెండు థ్రెడ్లూ నిండుగా నడిచాయి. మిగతా ఎదురుచూపులన్నీ ఒక ఫైల్ మార్చి, లింక్ (బిల్డ్ చివర్లో ముక్కలన్నీ కలిపి ఒకే ప్రోగ్రామ్‌గా చేయడం) అయ్యేదాకా ఆగినవి. అప్పుడు సీపీయూ వాడకం 8 శాతం దగ్గర కనిపించేది. మొదట్లో ప్రాసెసర్ ఖాళీగానే ఉంది కదా అనుకున్నాను. తర్వాత వెలిగింది: వందను పన్నెండుతో భాగిస్తే ఎనిమిది చిల్లర. అంటే ఒక్క థ్రెడ్ పూర్తిగా నిండిపోయి, మిగతా పదకొండూ ఊరికే ఉన్నాయి. గ్రాఫ్ మీద రైట్ క్లిక్ చేసి లాజికల్ ప్రాసెసర్లను, అంటే ఒక్కో థ్రెడ్‌నూ విడివిడిగా పెట్టి చూశాను. ఒక గడి పైదాకా నిండేది, కాసేపటికి ఆ భారం పక్క గడికి మారేది, మిగతావి నేలకు అంటుకుని ఉండేవి. ఇలాంటి పనికి ఎన్ని కోర్లు పెంచినా లాభం లేదు. ఈ లింక్ పని చేసే ప్రోగ్రామ్‌ను, అంటే లింకర్‌ని, మరింత వేగంగా ఉండే ఎల్ఎల్‌డీకి మార్చాను. ఆ ఎదురుచూపు సగానికి పైగా తగ్గింది.

మెమరీ ట్యాబ్‌లో ఇంకోటి కనపడింది. నా ర్యామ్ 3200 వేగానిది, స్పీడ్ మాత్రం 2133 అని చూపిస్తోంది. ఎప్పుడో బయోస్ (బోర్డు సెట్టింగులు ఉండే ప్రోగ్రామ్) రీసెట్ అయినప్పుడు, ర్యామ్‌ను దాని పూర్తి వేగంతో నడిపే ఎక్స్‌ఎంపీ సెట్టింగ్ ఆఫ్ అయినట్టుంది. రైజెన్‌లో లోపలి భాగాలను కలిపే ఫ్యాబ్రిక్ వేగం ర్యామ్ వేగంతో ముడిపడి ఉంటుంది కాబట్టి ఇది చిన్న విషయం కాదు. ఆన్ చేస్తే 14 నిమిషాలు 13 అయ్యాయి.

ఇక మిగిలింది ఫుల్ బిల్డ్ ఒక్కటే. 9700ఎక్స్ తీసుకుంటే ప్రాసెసర్ ఒక్కటే కొంటే సరిపోదు. దాని సాకెట్ (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు) ఏఎమ్5, కాబట్టి మదర్‌బోర్డు మార్చాలి. అది కొత్త రకం డీడీఆర్5 ర్యామ్ మాత్రమే తీసుకుంటుంది, కాబట్టి ర్యామ్ మార్చాలి. నా పాత ఏఎమ్4 సాకెట్ బోర్డులోనే కూర్చునే రైజెన్ 7 5700ఎక్స్ అయితే ఎనిమిది కోర్లు, పదహారు థ్రెడ్లు, పాతదానిలాగే 65 వాట్లు. పైగా 3600లో ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలే ఉండే వేగమైన మెమరీ) 16 ఎంబీల చొప్పున రెండు ముక్కలుగా ఉంటే, ఇందులో 32 ఎంబీలూ ఎనిమిది కోర్లకు ఉమ్మడి. తమ్ముడు ఒప్పుకోలేదు. "ఏఎమ్5కి 2027 దాటేదాకా సపోర్ట్ ఇస్తామని ఏఎండీయే చెప్పింది కదా, పాత సాకెట్ మీద ఖర్చెందుకు అన్నయ్యా?" అన్నాడు. వాడి మాటలో న్యాయం ఉంది. కొత్తగా మొత్తం సిస్టమ్ కట్టించుకునేవాళ్లకు నేనూ అదే చెబుతాను. కానీ నాకు వారానికి మూడు బిల్డుల కోసం బోర్డు, ర్యామ్ అన్నీ తీసేయడం సబబుగా అనిపించలేదు. 5700ఎక్స్ తీసుకున్నాను.

మార్చే ముందు బోర్డు సపోర్ట్ లిస్టు చూసి బయోస్ అప్‌డేట్ చేశాను. డిస్కుకు తాళం వేసి ఉంచే విండోస్ బిట్‌లాకర్ రికవరీ కీ కాగితం మీద రాసుకున్నాను. కూలర్ తీయడమే అసలు టెన్షన్. ఏఎమ్4లో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి. ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య పూసిన పేస్ట్ ఎండిపోయి అతుక్కుంటే, కూలర్‌ని నిటారుగా లాగినప్పుడు బిగించే లివర్ వేసి ఉన్నా ప్రాసెసర్ కూడా ఊడి రావచ్చు, పిన్నులు వంగొచ్చు. అందుకే ముందు ఒక ఫుల్ బిల్డ్ నడిపి వేడెక్కించి, షట్‌డౌన్ చేసి, స్క్రూలు విప్పి, కూలర్‌ని అటూ ఇటూ మెల్లగా తిప్పాను. నాలుగోసారికి పట్టు సడలినట్టు వేళ్లకు తెలిసింది. అప్పుడు ఎత్తాను. ప్రాసెసర్ తన చోటే ఉంది.

ఆన్ చేయగానే నల్లటి స్క్రీన్ మీద కొత్త ప్రాసెసర్ పెట్టారు, ఎఫ్‌టీపీఎంని (తాళం కీలు దాచే, ప్రాసెసర్‌లోని భద్రతా భాగం) రీసెట్ చేయాలా అని ప్రశ్న. వై నొక్కాను. వెంటనే బిట్‌లాకర్ కీ అడిగింది. 48 అంకెలు, కాగితం చూసి ఒక్కొక్కటే కొట్టాను. ఆ కీ నా దగ్గర లేకపోతే డిస్కులో ఉన్నదంతా అక్కడే ఆగిపోయేది.

ఇప్పుడు ఫుల్ బిల్డ్ తొమ్మిదిన్నర నిమిషాలు.

నవంబర్‌లో గేమింగ్ ప్రాసెసర్ 9800ఎక్స్3డీ రాగానే తమ్ముడు మళ్లీ ఫోన్ చేశాడు, ఈసారి తన కోసం. "ముందు నువ్వు ఆడే గేమ్‌లో గ్రాఫిక్స్ కార్డు ఎంత శాతం నడుస్తోందో చూసి చెప్పరా" అన్నాను. కాసేపు లైన్లోనే ఉండి చూశాడు.

"99, అన్నయ్యా."