ఫ్యాకల్టీ ఇండక్షన్ ప్రోగ్రాం: దరఖాస్తు నుంచి సర్వీస్ రిజిస్టర్ దాకా, నా అనుభవం

డిగ్రీ కాలేజీలో కొత్తగా చేరిన అసిస్టెంట్ ప్రొఫెసర్లు ఇండక్షన్ ప్రోగ్రాం (కొత్త అధ్యాపకులకిచ్చే ప్రాథమిక శిక్షణ) ఎప్పుడు చేయాలని అడిగితే నేను చెప్పేది ఒకటే. చేరిన మొదటి రెండేళ్లలో చేసేయండి. బోధనకూ మంచిది, జీతానికీ మంచిది.

ముందు జీతం సంగతి. 2018 యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) నిబంధనల ప్రకారం జీతం లెవల్ 10 నుంచి 11కి వెళ్లాలంటే పీహెచ్‌డీ ఉన్నవాళ్లకు 4 ఏళ్లు, ఎంఫిల్ ఉంటే 5, రెండూ లేకపోతే 6 ఏళ్ల సర్వీసు కావాలి. దాంతోపాటు 21 రోజుల ఓరియంటేషన్ ఒకటి తప్పనిసరి. ఇండక్షన్ ప్రోగ్రాం నెల రోజులది కాబట్టి ప్రమోషన్ ఫారంలో ఆ గడిలో పడేది ఇదే. ఇంకో గడి కూడా ఉంది. కనీసం 5 రోజుల రిఫ్రెషరో, ఎఫ్‌డీపీయో (అధ్యాపకుల నైపుణ్య శిక్షణ), సర్టిఫికెట్ వచ్చే మూక్ (అందరికీ తెరిచి ఉండే ఆన్‌లైన్) కోర్సో ఒకటి చేసి ఉండాలి. లెవల్ 10 మొదటి మూల వేతనం 57,700, లెవల్ 11ది 68,900. సర్వీసు నిండినా ఓరియంటేషన్ లేకపోతే, అది పూర్తయిన తేదీ నుంచే ప్రమోషన్ లెక్కేస్తారు. ఏడాది ఆలస్యమైతే ఆ ఏడాది తేడా మళ్లీ చేతికి రాదు.

ఈ శిక్షణకు కేంద్రాలు 1986 విద్యా విధానం తర్వాత యూజీసీ నిధులతో వచ్చాయి. మొదట వాటి పేరు అకడమిక్ స్టాఫ్ కాలేజీ. తర్వాత హ్యూమన్ రిసోర్స్ డెవలప్‌మెంట్ సెంటర్ అన్నారు. 2023 సెప్టెంబరు 5న అధ్యాపకుల శిక్షణకు మాలవీయ మిషన్ మొదలైనప్పటి నుంచి మాలవీయ మిషన్ టీచర్ ట్రైనింగ్ సెంటర్ అంటున్నారు. పాత సర్టిఫికెట్‌లో పాత పేరు ఉందని కంగారుపడొద్దు, కేంద్రం అదే. మనకు దగ్గర్లో ఉస్మానియా, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఉర్దూ యూనివర్సిటీ, ఆంధ్రా యూనివర్సిటీ, తిరుపతి ఎస్వీ యూనివర్సిటీల్లో ఉన్నాయి. ఆన్‌లైన్ బ్యాచ్ అయితే వేరే రాష్ట్రం కేంద్రంలోనైనా చేయొచ్చు. ప్రయాణ ఖర్చు, వసతి ఎవరు భరిస్తారన్నది మాత్రం ప్రతి బ్యాచ్ సర్క్యులర్‌లో విడిగా చదవండి. పాత బ్యాచ్‌వాళ్లు చెప్పిన మాట నమ్ముకుని వెళ్తే చేతి నుంచి పడుతుంది.

దరఖాస్తులో దెబ్బతినేది ఎక్కువగా పేరు దగ్గరే. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది, సర్వీస్ రిజిస్టర్‌లో ఇంటిపేరు చివరికి పోతుంది. పోర్టల్‌లో ఏది టైప్ చేస్తే సర్టిఫికెట్ మీద అదే వస్తుంది. సర్వీస్ రిజిస్టర్‌లో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే రాయండి. ప్రమోషన్ కమిటీ ముందు పెట్టి చూసేది ఆ రిజిస్టర్నే.

రెండో చిక్కు ప్రిన్సిపల్ సంతకం. ఫార్వర్డింగ్ లెటర్ ఇచ్చారంటే నెల రోజులు ఓడీ (ఆన్ డ్యూటీ అనుమతి) ఇచ్చినట్టు కాదు. నేను చూసిన ఒక ప్రైవేటు కాలేజీలో ఆన్‌లైన్ ప్రోగ్రామే కదా అని లెక్చరర్‌కు రోజూ రెండు పీరియడ్లు వేశారు. హాజరు తగ్గి ఆయన సర్టిఫికెట్ పోయింది. అందుకే ఫార్వర్డింగ్ లెటర్‌తో పాటే ఓడీ ఉత్తర్వు, ఏ క్లాసు ఎవరు తీసుకుంటారో రాసిన అడ్జస్ట్‌మెంట్ కాగితం రెండూ సంతకం చేయించుకోండి. ఆ కాగితం మీరే తయారుచేసి తీసుకెళ్తే పని త్వరగా అవుతుంది.

ఇక శిక్షణ. రోజుకు గంటన్నర చొప్పున నాలుగు సెషన్లు, ఆరు గంటలు. ఉన్నత విద్యా విధానం, మూల్యాంకనం, పరిశోధన, ఐసీటీ (బోధనలో కంప్యూటర్, ఇంటర్నెట్ వాడకం), పాలన వగైరా ఉంటాయి. కొన్ని ఉపన్యాసాలు బాగుంటాయి, కొన్ని స్లైడ్లు చదివి ముగిస్తారు. నెల మొత్తంలో నా పాఠాన్ని మార్చింది మైక్రోటీచింగ్ (కొద్ది నిమిషాల పాఠం చెప్పి, లోపాలు తెలుసుకుని మళ్లీ చెప్పడం) ఒక్కటే.

ఈ పద్ధతి 1960ల్లో స్టాన్‌ఫర్డ్‌లో పుట్టింది. మన ఎన్‌సీఈఆర్‌టీ నమూనాలో ఒక చక్రం 36 నిమిషాలు. 6 నిమిషాలు పాఠం, 6 నిమిషాలు అభిప్రాయాలు, 12 నిమిషాలు మళ్లీ ప్రణాళిక, 6 నిమిషాలు మళ్లీ పాఠం, 6 నిమిషాలు మళ్లీ అభిప్రాయాలు. ఒక చక్రంలో ఒక్క నైపుణ్యమే చూస్తారు. నాకు వచ్చింది ప్రశ్న అడగడం, అంశం బఫర్ ద్రావణాలు (ఆమ్లమో క్షారమో కొద్దిగా కలిపినా పీహెచ్, అంటే ఆమ్లత్వ కొలత, పెద్దగా మారని ద్రావణాలు).

పరిశీలకురాలు కాగితం మీద గీతలు పెట్టుకుంటూ కూర్చున్నారు. 6 నిమిషాల్లో 9 ప్రశ్నలు, అందులో 7 ప్రశ్నలకు జవాబు నేనే చెప్పేశాను. "అర్థమైందా?" అన్నది 5 సార్లు. ప్రశ్నకూ నా జవాబుకూ మధ్య ఒక సెకను కూడా లేదు. ఉపాధ్యాయులు సగటున ఒక సెకనే ఆగుతారనీ, మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడుగవుతాయనీ అమెరికా విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో పరిశోధనలో తేలిన సంగతి అప్పుడు చెప్పారు.

ఆ 12 నిమిషాల్లో "బఫర్ అంటే ఏమిటి?" అన్న ప్రశ్న కొట్టేసి ఒకే ఒక ప్రశ్న రాసుకున్నాను. రెండు బీకర్లున్నాయి. ఒకదాంట్లో 100 మి.లీ. నీళ్లు. రెండోదాంట్లో 0.1 మోలార్ అసిటిక్ ఆమ్లం, 0.1 మోలార్ సోడియం అసిటేట్ కలిసిన 100 మి.లీ. ద్రావణం. రెండిట్లోనూ 1 మోలార్ హెచ్‌సీఎల్ 1 మి.లీ. వేస్తే పీహెచ్ ఎంతవుతుంది? అడిగి, బల్ల కింద వేళ్లు మడుస్తూ ఐదు లెక్కపెట్టాను. నాలుగో అంకె దగ్గర ఎదుట కూర్చున్నవాళ్లలో ఒకరు "నీళ్లలో 7 నుంచి 2కి పడిపోతుంది" అన్నారు. ఇంకొకరు "బఫర్‌లో అసలు మారదు" అన్నారు. నాకు కావాల్సిన తప్పు అదే. 4.76 నుంచి 4.67కి దిగుతుంది. మారుతుంది, కొంచెమే మారుతుంది. ఇన్నేళ్లూ నా విద్యార్థులు పరీక్షలో "బఫర్ పీహెచ్ మారదు" అని రాస్తుంటే మార్కులు తగ్గించానే గానీ, ఆ తప్పు క్లాసులోనే బయటపడేలా ఎప్పుడూ అడగలేదు.

పెద్ద క్లాసులో దీన్ని వాడుకోవడానికి హార్వర్డ్‌లో ఫిజిక్స్ ప్రొఫెసర్ ఎరిక్ మజుర్ పద్ధతి పనికొస్తుంది. ఒక ప్రశ్న అడిగి, ఏ జవాబు ఎంతమందిదో చేతులెత్తించి చూడండి. సరైన జవాబు 30 శాతం లోపుంటే పాఠం మళ్లీ చెప్పాలి, 70 దాటితే ముందుకెళ్లొచ్చు, మధ్యలో ఉంటే పక్కవాళ్లతో రెండు నిమిషాలు వాదించుకోనిచ్చి మళ్లీ చేతులెత్తించాలి. అరవై మంది ఉన్న బీఎస్సీ క్లాసులో కూడా ఐదు నిమిషాలు మించదు.

ప్రమోషన్‌కు కావాల్సిన రెండో గడికి నేను ఎన్‌పీటీఈఎల్ (ఐఐటీలు, ఐఐఎస్‌సీ నడిపే ఆన్‌లైన్ కోర్సుల వేదిక) 8 వారాల కోర్సు ఎంచుకున్నాను. పాఠాలు ఉచితం, పరీక్షకే ఫీజు. అసైన్‌మెంట్లకు 25, పరీక్షకు 75 మార్కులు. ఎనిమిది అసైన్‌మెంట్లలో ఎక్కువ వచ్చిన ఆరింటి సగటు తీసుకుంటారు. 25కి 10, 75కి 30 విడివిడిగా రావాలి. కోర్సులో చేరడం వేరు, పరీక్షకు నమోదు చేసుకోవడం వేరు. ఈ రెండో గడువు మర్చిపోయి సెమిస్టర్ పోగొట్టుకున్నవాళ్లు ప్రతి కాలేజీలో కనిపిస్తారు. ఇంజనీరింగ్ కాలేజీలవాళ్లకు దారి వేరు. వాళ్లకు సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ వాళ్ల ఎనిమిది మాడ్యూళ్ల శిక్షణ ఎన్‌ఐటీటీటీ ఉంది.

కార్యక్రమం అయ్యాక కాలేజీలో ఇవ్వాల్సినవి మూడు: సర్టిఫికెట్ నకలు, కేంద్రం ఇచ్చిన హాజరు పత్రం, మీ జాయినింగ్ రిపోర్టు. ఇచ్చిన నకలు మీద ఇన్‌వార్డ్ నంబరు వేయించుకోండి. సర్వీస్ రిజిస్టర్‌లో మొదలైన తేదీ, ముగిసిన తేదీ, కేంద్రం పేరు ఎక్కించి ప్రిన్సిపల్ సంతకం పడేదాకా ఆఫీసు చుట్టూ తిరగండి. సంతకం పడగానే ఆ పేజీ ఫొటో తీసి పెట్టుకోండి. నాలుగేళ్ల తర్వాత ప్రమోషన్ ఫైలు పెట్టేటప్పుడు ఆఫీసులో అప్పటి గుమాస్తా ఉండరు.