మూకీ నటులది ఓవరాక్షనా? ముందు వేగం సరిచేసి చూడండి

పాత మూకీ, అంటే మాటల్లేని సినిమా, చూడగానే చాలామంది "ఆ గబగబా చేతులు ఊపడమేంటండీ" అంటారు. ఆ పాపం నటుడిది కాదు. అప్పట్లో కెమెరామన్ హ్యాండిల్ చేత్తో తిప్పేవాడు. చుట్టుకు 8 ఫ్రేములు (విడి బొమ్మలు), సెకనుకు రెండు చుట్లు, అంటే సెకనుకు 16 ఫ్రేములు. తిప్పే చేతిని బట్టి అది ఎక్కువ తక్కువలయ్యేది. టాకీలొచ్చాక 24 ఖాయమైంది. 16తో తీసిన బొమ్మను 24తో ఆడిస్తే ఒకటిన్నర రెట్లు పరుగెడుతుంది. నటుడు తొమ్మిది సెకన్లు నిలబెట్టిన ఏడుపు ఆరు సెకన్లలో అయిపోతుంది. ఆ నటుల కష్టానికి ఇంతకన్నా అన్యాయం లేదు.

మీ దగ్గరున్న క్లిప్పు అలా పరుగెడుతుంటే ఎడిటింగ్‌లో వేగం 67 శాతానికి దించండి. మరీ ఈడ్చినట్టుంటే 75 పెట్టండి, అది 18 ఫ్రేముల లెక్క. సరిపోయిందో లేదో మొహం చూసి తేల్చకండి. ఒలికే నీళ్లు, గాలికి ఊగే పంచె చెంగు చూడండి. మనిషి కావాలని తొందరపడొచ్చు, నీళ్లు తొందరపడవు.

మన గోదావరి జిల్లాలకూ మూకీతో చుట్టరికం ఉంది. 1920లలోనే దర్శకుడు సి. పుల్లయ్య గారు కాకినాడలో మార్కండేయుడి కథను మూకీగా తీసి, యముడి వేషం తానే కట్టారు. ఇప్పుడు కాకినాడలోనో అమలాపురంలోనో మాటల్లేని షార్ట్ ఫిల్మ్ తీద్దామనుకునే నాటకాల వాళ్లకు ఆనాటి పద్ధతులు బాగా అక్కరకొస్తాయి.

పద్యనాటకం అలవాటున్న నటుడికి మొదటి ఇబ్బంది నోరే. రాగం తీసేటప్పుడు తెరుచుకున్న నోరు శబ్దం లేకపోతే వికారంగా కనిపిస్తుంది. డైలాగ్ చెప్పించండి, కానీ నాలుగైదు మాటలకు మించనివ్వకండి. చెప్పాక పెదాలు మూసి, చూపు కదల్చకుండా రెండు సెకన్లు ఆగాలి. అసలు నటన ఆ రెండు సెకన్లలోనే ఉంటుంది. ఎడిటర్‌కు కోత పెట్టే చోటూ అక్కడే దొరుకుతుంది. రెండు చేతులూ ఒకేసారి ఎత్తనివ్వకండి. ఫ్రేము అంచులు ఎక్కడ తెగుతాయో నేల మీద సుద్దతో గీయండి, లేకపోతే ఆవేశంలో సగం మనిషి బయటికి పోతాడు.

మేకప్ సంగతి వేరు. నాటి ఆర్థోక్రోమాటిక్ ఫిల్ముకు ఎరుపు అందదు. ఎర్ర పెదాలు, కుంకుమ బొట్టు నల్లగా పడతాయి, నీలాకాశం తెల్లగా వెలిసిపోతుంది. రంగస్థలం మీద మెరిసే పసుప్పచ్చ అర్దళం (నటులు మొహానికి పూసుకునే రంగుపొడి) కూడా అందులో మందగిస్తుంది. మొహాలకు పట్టించిన తెల్లరంగు, కళ్ల చుట్టూ దట్టంగా దిద్దిన కాటుక ఆ ఫిల్ముతో పడ్డ అవస్థ, అభిరుచి లోపం కాదు. డిజిటల్లో ఆ రూపు కావాలంటే బ్లాక్ అండ్ వైట్ మిక్సర్‌లో ఎరుపు ఛానల్ బాగా తగ్గించి, ఆకుపచ్చ, నీలం పెంచండి. కొబ్బరితోటలో మిట్టమధ్యాహ్నం తీయొద్దు, ఆకుల నీడలు మొహాన్ని ముక్కలు చేస్తాయి. తప్పకపోతే నెత్తిన పల్చటి తెల్లగుడ్డ పందిరి కట్టండి. కొత్త తెల్లపంచె ఎండలో మడతలు కూడా కనిపించకుండా వెలిగిపోతుంది, టీ నీళ్లలో ముంచి ఆరేసి కట్టించండి.

టైటిల్ కార్డులు, అంటే మాటలు రాసి తెర మీద చూపే పలకలు, తక్కువగా వాడండి. అక్షరం రాని ప్రేక్షకుల కోసం అప్పట్లో హాల్లో ఒక మనిషి నిలబడి కార్డు చదివి కథ చెప్పేవాడు, ఇప్పుడా మనిషి లేడు. కార్డును మెల్లగా రెండుసార్లు పైకి చదవండి, ఎన్ని సెకన్లు పట్టిందో అన్ని సెకన్లు తెర మీద ఉంచండి. మొహంలో ముందే తెలిసిపోయిన సంగతికి కార్డు అసలు వేయొద్దు.