నేను జర్మనీకి పోతే ఇంటికాడ ఎవరుండాల?

మా ఇంట్లో కొన్నాళ్ళుగా అన్నం తినేటప్పుడు కూడా ఇదే టాపిక్, నేను పోవాలా వద్దా అని. నేను తిరుపతిలో ఒక ప్రైవేట్ ఆస్పత్రిలో ఐసీయూ స్టాఫ్ నర్సుని, నైట్ డ్యూటీలు అన్నీ కలిపినా జీతం ఇరవై వేలు దాటలేదు. మా బ్యాచ్‌లో సగం మంది చెన్నై, వేలూరు, బెంగళూరు హాస్టళ్ళలో ఉండి ఉద్యోగాలు చేస్తాండారు, కొందరు గల్ఫ్‌లో ఉండారు. అందుకే "సొంతూరు ఇడిసిపెట్టి పోతావా" అని ఎవరన్నా అడిగితే నవ్వొస్తుంది నాకు. మా వైపు పిల్లలు ఇంటర్ అయిపోగానే ఊరు ఇడిసినోళ్ళే గదా. బెంగళూరులో ఉండి పండక్కి పండక్కి ఇంటికొస్తే దాన్ని ఎవరూ ఏమనరు, అదే ఫ్లైట్ ఎక్కితే మాత్రం అమ్మానాన్నల్ని గాలికి వదిలేసినట్టు మాట్లాడతారు.

సరే జర్మనీ సంగతి. అక్కడ నర్సులు చాలట్లేదు, ముసిలోళ్ళు జాస్తి అయిపోయినారు, మన డిగ్రీకి గుర్తింపు రావాలంటే మామూలుగా జర్మన్ భాషలో బీ2 లెవెల్ (ఆరు లెవెల్స్‌లో నాలుగోది) పాసవ్వాలి. నేను డ్యూటీ దిగి ఆన్‌లైన్ క్లాసులు వింటాండా, పరీక్షకి సప్తగిరి రైలు ఎక్కి చెన్నైలో జర్మన్ నేర్పించే గోథే ఇన్‌స్టిట్యూట్‌కి పోవాలి. గుర్తింపు వచ్చాక జీతం మూడు వేల యూరోలు దాటుతుంది అంటే మన లెక్కలో మూడు లక్షలకు పైనే, అది వినగానే మా చుట్టాలందరూ నోరు తెరిచినారు గానీ ట్యాక్సు, ఇన్సూరెన్సు, పెన్షన్ పోయి చేతికి వచ్చేటప్పటికి దాదాపు మూడో వంతు తెగిపోతుంది, ఆపైన ఇంటి బాడుగ. గుర్తింపు కాయితం వచ్చేదాకా అసిస్టెంట్ జీతమే.

ఇంకోటి, ఇది ఏజెంట్లు చెప్పరు, ఆడ పనిచేస్తాండే మా సీనియర్ అక్క చెప్పింది. ఇక్కడ పేషెంటుకి స్నానం చేపించేది, తినిపించేది, గుడ్డలు మార్చేది ఆయాలో ఇంటోళ్ళో చేస్తారు, ఆడ చాలా చోట్ల అది కూడా నర్సు పనే. వెంటిలేటర్లు చూసుకునే పిల్ల పోయి ముసిలాయనకి ఒళ్ళు కడగాల. నాకు దాంట్లో నామోషీ ఏం లేదు, ఐసీయూలో చూడంది ఏముంది, కానీ తెలీకుండా పోయి ఆ మొదటి చలికాలంలో ఏడ్చినోళ్ళు ఉండారంట.

ఏజెంట్ అంటే గుర్తొచ్చింది. ఒకాయన మూడు లక్షలు కట్టు, సర్టిఫికెట్లు ఒరిజినల్స్ ఇయ్యి అన్నాడు. మన ఎమిగ్రేషన్ చట్టం 1983ది, దాని రూల్స్ ప్రకారం రిజిస్టర్డ్ ఏజెంట్ మన దగ్గర తీసుకోవాల్సింది 30,000 రూపాయలు, పైన జీఎస్టీ, అంతే. ఆయన లైసెన్సు నంబర్ గవర్నమెంటు ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. నేను నంబర్ అడిగిన కాడ్నుంచి ఆయన ఫోన్ ఎత్తడం మానేసినాడు. తర్వాత సీనియర్ అక్క పనిచేసే ఆస్పత్రికే నేరుగా అప్లై చేస్తే ఆఫర్ వచ్చింది, రిక్రూట్‌మెంట్ ఖర్చు వాళ్ళదే.

డబ్బులు అవసరం లేదని అనను. బంగారుపాళ్యం దగ్గర మాకు కొంచెం తోతాపురి మామిడి తోట ఉంది. 2025లో ఏమైందో చిత్తూరోళ్ళకి నేను చెప్పబన్లేదు, కాయల రేటు పడిపోయింది, కిలోకి గుజ్జు ఫ్యాక్టరీ 8, గవర్నమెంటు 4, మొత్తం 12 రూపాయలు ఇస్తామన్నారు, ఆ రేటు చెప్పుకోవడానికి బాగుంది గానీ నాన్న ట్రాక్టర్ పెట్టుకుని ఫ్యాక్టరీ గేటు ముందర క్యూలో పడుకున్నాడు, కాయలు ట్రాక్టర్ మీదనే మాగిపోయినాయి. ఆ అప్పు ఇంకా ఉంది.

"అమ్మానాన్నల్ని కూడా తీసుకుపోవచ్చంట గదా" అంటాడు మా మామ. నిజమే, 2024 మార్చి 1 తర్వాత మొదటిసారి పర్మిట్ తీసుకున్న స్కిల్డ్ వర్కర్లు అమ్మానాన్నల్ని పిలిపించుకోవచ్చని రూల్ వచ్చింది. అయితే వాళ్ళ ఖర్చంతా మనమే చూపించాల, హెల్త్ ఇన్సూరెన్స్‌తో సహా, అరవై దగ్గరకొచ్చి షుగరు బీపీ ఉండే అమ్మకి ఆడ ఇన్సూరెన్స్ అంటే నా జీతం ఏమూలకి? ఇక్కడైతే కార్డు తీసుకుని తిరుపతిలో రుయా ఆస్పత్రికో స్విమ్స్ ఆస్పత్రికో పోతాది. నాన్నయితే ఒకే మాటలో తేల్చేసినాడు, "ఆడ మామిడి తోట ఉండదు గదా పాపా, నేనొచ్చి ఏం జేసేది?"

ఆడే సెటిలైపో, పాస్‌పోర్ట్ మార్చుకో అనేవాళ్ళు ఒక బ్యాచ్. జర్మనీ 2024 జూన్ నుంచి రెండు పౌరసత్వాలు ఒప్పుకుంటాంది, ఒప్పుకోంది మన దేశం. ఆ పాస్‌పోర్ట్ తీసుకుంటే ఇక్కడిది పోతుంది, ఓసీఐ కార్డు (వేరే దేశం పాస్‌పోర్ట్ తీసుకున్న మనోళ్ళకి ఇచ్చే కార్డు) ఇస్తారు, దాంతో వ్యవసాయ భూమి కొనలేం. నాన్న తోట వారసత్వంగా వస్తే రావచ్చు గానీ పక్కన సెంటు కూడా కొనే దానికి లేదు. నాకు పాస్‌పోర్ట్ మార్చే ఆలోచనే లేదు, అప్పు తీరి చేతిలో నాలుగు రూపాయలు నిలిస్తే వచ్చేస్తా.

ఇట్లా అన్నీ లెక్క రాసుకుని, సరే పోతాననే అనుకున్నాక మా చెల్లి నోరు తెరిచింది. అది తిరుపతి అగ్రికల్చర్ కాలేజీలో చదవతాంది, ఎంఎస్సీకి బయటికి పోవాలని దానికీ ఉంది. "అక్కా, నువ్వు పోవాలా వద్దా అని ఇంతమంది మాట్లాడినారు గదా, నువ్వు పోతే నేను ఇక్కడే ఉండాల్సిందే అని ఎవరు డిసైడ్ చేసినారు? నన్ను ఒక్కరన్నా అడిగినారా?" అనింది. అమ్మ గిన్నెలు తీసుకుని లోపలికి పోయింది. నా దగ్గర జవాబు లేదు. పోయేవాళ్ళ గురించి ఊరంతా మాట్లాడతారు, ఉండిపోయేదాన్ని పట్టించుకునేది ఎవరు? వయసులో చిన్నదని ఇంటికాడ ఉండేది దాని పేరు మీద మేమే రాసేసినాం.

రెండ్రోజులు మాటల్లేవు. తర్వాత ముగ్గురం కూర్చుని నాన్నని కూడా పిలిచినాం. చెల్లికి యాడ సీటు వస్తే ఆడికి అది పోవాల, దాని ఫీజు నేను చూసుకోవాల, తోట ఒక ఏడాది పక్కింటోళ్ళకి గుత్తకి ఇచ్చి చూడాల అని అనుకున్నాం. గుత్త అనే మాటకి నాన్న ఇంకా ఊ అనలేదు. నేను ఆస్పత్రికి మెయిల్ పెట్టినా, జాయినింగ్ వచ్చే ఏడాదికి జరపగలరా అని. వాళ్ళ జవాబు రావాల.