చెంగు నోట్లో కుక్కుకుని

పికాసో 1937లో వేసిన ‘ఏడుస్తున్న స్త్రీ’ లండన్ టేట్ మ్యూజియం వాళ్ల దగ్గరుంది. ముఖమంతా ఆకుపచ్చ, పసుపు. ముక్కు పక్కకి తిరిగితే కళ్లు రెండూ మనవైపే ఉంటాయి. నోటి దగ్గరికొచ్చేసరికి ఆ రంగులు పోయి అంతా తెలుపూ నీలమూ, పగిలిన అద్దం ముక్కల్లా. మా అమ్మాయికి స్కూల్లో దీని మీద రాయమన్నారు.

“చూస్తే నీకేమనిపిస్తోంది?” అని ఇక్కడ, మేముండే ఈ పరాయి దేశంలో, మొదట అడుగుతారు. మా చిన్నప్పుడు బొమ్మ కనిపిస్తే ఇందులో ఉన్నదెవరు, కథేంటి అనేవాళ్లం. “కోపంగా ఉంది, పళ్లు కొరుకుతోంది” అని రాసి ఆపేసింది మా పిల్ల. వీడియో కాల్‌లో వాళ్ల అమ్మమ్మకి చూపిస్తే ఆవిడ కళ్లజోడు సర్దుకుని, “అయ్యో, చెంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోందే! ఎవరు పోయారే?” అంది. బొమ్మ ఎవరు వేశారో కూడా ఆవిడకి చెప్పలేదు.

అది చెంగు కాదు, రుమాలు. మిగతాదంతా సరిగ్గానే పట్టుకుంది. ఎవరు పోయారంటే, ఆ ఏడాది ఏప్రిల్ 26న స్పెయిన్‌లోని గెర్నికా ఊరి మీద జర్మన్, ఇటాలియన్ విమానాలు బాంబులు వేశాయి. పికాసో ఆ ఊరి పేరుతో వేసిన పెద్ద చిత్రంలో చచ్చిపోయిన బిడ్డని ఒళ్లో పెట్టుకుని అరిచే తల్లి ఉంది. అది పూర్తయినా ఆ ఏడుపు మొహం ఆయన్ని వదల్లేదు. మళ్లీ మళ్లీ దాన్నే వేశాడు, ఈ ‘ఏడుస్తున్న స్త్రీ’ అక్టోబరులోది. కథ విన్నాక మా పిల్ల మళ్లీ చూసి, “ఏడుపు బయటికి రాకుండా గుడ్డ కొరుకుతోంది కదమ్మా” అంది. కోపం అన్న మాట మాత్రం కొట్టెయ్యలేదు. మంచి పనే చేసింది.

ఒక స్నేహితురాలు ఇది చూసి, “అచ్చం మన పిల్లలే, ఒక మొహంలో రెండు మొహాలు” అంది. నాకు నచ్చలేదు. ఇక్కడ పెరిగే పిల్లల్ని ఎప్పుడూ ముక్కలైన మనుషుల్లా చూడటం మనకో అలవాటు. పక్కకి తిరిగిన మొహంలో రెండు కళ్లు వెయ్యడం గుజరాత్ జైన గ్రంథాల చిత్రకారులకి అయిదారు వందల ఏళ్ల కిందటే తెలుసు. రెండో కన్ను చెంప గీత దాటి బయటికి పొడుచుకొస్తుంది. దాన్ని చీలిన మనసు అని ఎవరూ అనలేదు.

మా పిల్లని పట్టేసింది వేరే సంగతి. చిత్రానికి ఆధారమైన డోరా మార్ స్వయంగా ఫొటోగ్రాఫర్. ‘గెర్నికా’ తయారవుతుంటే దశలవారీగా ఫొటోలు తీసింది ఆవిడే. పికాసో వేసిన తన బొమ్మలన్నీ అబద్ధాలేనని తర్వాత అందట. “మరి ఆవిడ ఎప్పుడూ ఏడ్చేది కాదా? ఆవిణ్ణి అడిగి వేశాడా?” హోంవర్క్‌లో ఆ రెండు ప్రశ్నలకే ఒక పేజీ పోయింది. రంగుల గురించి రాయాల్సినది ఇంకా రాయలేదు, రేపు ఇచ్చెయ్యాలి.