పదిహేను బస్తాల బండి కోసం రెండు నెలలు

గత మే నెలలో ఆర్.ఉదయగిరి వైపు ఒక సవర ఊళ్లో జీడిపిక్కలు ఎత్తుకుని వస్తున్నాను. ఊరి నుంచి పెద్ద రోడ్డు ఎక్కే ఎగువలో నా టాటా ఏస్ ఆగిపోయింది. ఇంజిన్ కాగిపోయి ఆవిరి కక్కుతోంది. బండిలో ఉన్నవి తొమ్మిది బస్తాలే. బస్తా 80 కేజీల లెక్కన 720 కేజీలు, అంటే కంపెనీ చెప్పిన 750 లోపే. అయినా పదకొండేళ్ల బండి, రెండు సిలిండర్ల 702 సీసీ ఇంజిన్, దానికి ఆ కొండ ఎక్కువైపోయింది. అది చల్లారేలోపు వాన వచ్చింది. టార్పాలిన్ చిరుగులోంచి నీళ్లు దిగి రెండు బస్తాలు తడిశాయి. పలాసలో ఆ రెండు బస్తాలకీ ధర కోసేశారు. ఆ రాత్రి ఇంటికి వచ్చాక మా ఆవిడ ఒకటే అడిగింది: "వచ్చే సీజనుకి కూడా ఇదే బండా?"

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, ఆఫీసుల్లో ఒడియా, వ్యాపారం పలాస, కాశీబుగ్గలతో. మార్చి నుంచి జూన్ దాకా కొండ మీద పిక్క కొని ఆంధ్రలోని ఫ్యాక్టరీలకి తోలతాను. మిగతా నెలల్లో పసుపు, అల్లం, కూరగాయలు, దొరికితే కిరాయిలు. ఏడాది పొడవునా ఒకేలా డబ్బు రాదు కాబట్టి నెలనెలా పెద్ద వాయిదా కట్టే ధైర్యం నాకు లేదు.

ఎలాంటి బండి కావాలో తేల్చుకోవడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. 45 బస్తాలు పలాస చేర్చాలంటే ఏస్‌తో ఐదు ట్రిప్పులు తిరగాలి. అశోక్ లేలాండ్ దోస్త్ లాంటి టన్నుంపావు బండికి పదిహేను బస్తాలు, అంటే 1200 కేజీలు ఎత్తితే మూడు ట్రిప్పుల్లో అయిపోతుంది. మూడు సిలిండర్ల ఇంజిన్ కాబట్టి ఘాట్ గురించి టెన్షన్ కూడా తగ్గుతుంది. ఇంకో సౌకర్యం ఉంది. మొత్తం బరువు 3,000 కేజీలు దాటని సరుకు బండికి మోటారు వాహనాల చట్టం ప్రకారం పర్మిట్ అక్కర్లేదు. రోజూ రాష్ట్రం సరిహద్దు దాటే నాలాంటివాడికి ఇది చిన్న విషయం కాదు. అందుకే ఏ బండి చూసినా ముందు ఆర్‌సీలో మొత్తం బరువు ఎంత రాసి ఉందో చూసేవాణ్ని.

2025 సెప్టెంబరులో బండి కోసం తిరగడం మొదలుపెట్టాను. అదే నెల 22 నుంచి సరుకు బండ్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది. పన్నుకి ముందు ఆరు లక్షలుండే బండి 7.68 లక్షల నుంచి 7.08కి వస్తుంది. అరవై వేలు తేడా. పాత బండి కొనేవాడికి ఈ లెక్క తెలియాలి. కొత్తది అరవై వేలు దిగితే పాతదాని ధర అక్కడే నిలబడదు. నేను చూడబోయిన బ్రోకర్లలో ఇద్దరు మాత్రం ఆగస్టు రేట్లే చెప్పారు. వాళ్ల ముందు ఈ లెక్క కాగితం మీద వేసి చూపించాను. ఒకాయన వెంటనే పాతిక వేలు దిగాడు.

అదే లెక్క నా ఏస్‌కీ తగిలింది. 2025 జూన్‌లో టాటా వాళ్లు ఏస్ ప్రో 3.99 లక్షలకి తెచ్చారు. మోసే బరువు అదే 750 కేజీలు. కొత్తది ఆ ధరకి దొరుకుతుంటే 2014 మోడల్‌కి రెండు లక్షలు ఎవరిస్తారు? పైగా ఎనిమిదేళ్లు దాటిన సరుకు బండికి ఎఫ్‌సీ, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్, ప్రతి ఏడాదీ చేయించాలి. అంతవరకు రెండేళ్లకోసారి సరిపోతుంది. కొనేవాళ్లందరూ ముందు అదే అడిగారు.

మొదట చూసిన దోస్త్ శ్రీకాకుళం జిల్లా సముద్రం పక్క ఊరిది. పైన రంగు బాగుంది, ధర ఇంకా బాగుంది. నాతో వచ్చిన మెకానిక్ మేస్త్రీ గారు మీటరు వైపు కూడా చూడలేదు. నేల మీద గోనె పరుచుకుని బండి కిందకి దూరారు. బాడీ కింద అడ్డపట్టీలన్నీ తుప్పు పట్టి పొరలు పొరలుగా ఊడుతున్నాయి. "చేపల బండి బాబూ. ఐసు నీళ్లు, ఉప్పు నీళ్లు కారి కారి తినేశాయి. దీన్ని మీరు తీసుకోకండి" అన్నారు. ఓనరు కాదనలేదు.

ఆ తర్వాత చూసిన ప్రతి బండినీ ఆయన చూసిన వరసలోనే నేనూ చూడడం నేర్చుకున్నాను. వెనక కమాన్ కట్టల్లో, అంటే బరువు మోసే స్ప్రింగ్ పట్టీల్లో, ఒకటో రెండో పట్టీలు కొత్తవి, మిగతావి పాతవి అయితే, లేదా కంపెనీ ఇచ్చినవాటి కంటే ఎక్కువ పట్టీలుంటే, ఆ బండి మీద మితిమీరి లోడు కొట్టారని అర్థం. ఛాసిస్ మీద వెల్డింగ్ మచ్చ ఉంటే ఇంక మాట్లాడక్కర్లేదు. మనం వెళ్లేసరికి ఇంజిన్ వేడిగా ఉంటే మర్నాడు పొద్దున్నే వస్తామని చెప్పి వచ్చేయాలి. చల్లటి ఇంజిన్ ఎలా స్టార్ట్ అవుతుందో చూడాలి. ఇంజిన్ తిరుగుతుండగా ఆయిల్ మూత తీస్తే పొగ ఎగదన్నకూడదు. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్6 డీజిల్ బండ్ల గురించి కూడా ఆయన ఒక మాట చెప్పారు. పొగ వడకట్టే ఫిల్టరు, సెన్సార్లు చూడాలంటే కంప్యూటర్ పెట్టాలి, కొండ మీద ఆగితే తాడు కట్టి లాక్కురావడమే అని. మా వైపు 2018, 19 బండ్లకి ఇంకా గిరాకీ ఉండడానికి కారణం ఇదేనని నాకూ అనిపించింది.

రెండో బండి టెక్కలి దగ్గర. శుభ్రమైన బండి, 3.40 లక్షలు. మనసు లాగింది. కానీ అది ఏపీ నంబరు. అక్కడి రవాణా శాఖ నుంచి ఫారం 28 కింద ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదనే పత్రం, తీసుకోవాలి. దానికి ముందు చలాన్లు, పన్ను బకాయిలు ఏవీ ఉండకూడదు. ఆ తర్వాత ఒడిశాలో పన్ను కట్టి కొత్త నంబరు తీసుకోవాలి. అక్కడ ఓనరు కట్టిన పన్నులో మిగిలింది వెనక్కి రావాలంటే మళ్లీ ఇంకో దరఖాస్తు. "ఏపీ నంబరుతోనే తిప్పుకో, ఎవరడుగుతారు" అని చాలామంది అన్నారు. పన్నెండు నెలలకి మించి వేరే రాష్ట్రంలో ఉంచితే నంబరు మార్చుకోవాలని చట్టంలోనే ఉంది. రేపు యాక్సిడెంట్ అయితే బీమా కంపెనీ ముందు నిలబడాల్సింది నేను, వాళ్లు కాదు. రాత్రి కూర్చుని ఖర్చులు రాస్తే ముప్ఫై వేలు దాటాయి. నెలకి పైగా బండి ఊరికే నిలబడే నష్టం వేరే. 3.40 కాస్తా 3.80 అయింది. వదులుకున్నాను.

మూడోది గుణుపూర్‌లో దొరికింది. రాయగడ జిల్లా నంబరు, ఓడీ 18. 2018 మోడల్, మొదటి ఓనరే, కిరాణా సరుకు తోలిన బండి. ఆయన 3.90 అన్నారు. మేస్త్రీ గారికి నచ్చింది. ముందు టైర్లు లోపలి అంచు తినేశాయని, వచ్చే ఏడాది ఎనిమిదేళ్లు నిండితే ఏటా ఎఫ్‌సీ అవుతుందని, జీఎస్టీ లెక్క కూడా చెప్పి 3.62 దగ్గర ఆగాం. ఇరవై వేలు బయానా.

కానీ బయానా ఇవ్వకముందే ఫోన్‌లో బండి వివరాలు చూపించే ప్రభుత్వ యాప్ ఎంపరివాహన్ తెరిచి నంబరు కొట్టాను. ఒక ఫైనాన్స్ కంపెనీ పేరు కింద హెచ్‌పీ, అంటే బండి మీద అప్పు ఉందనే గుర్తు, అలాగే ఉంది. ఓనరు ఆశ్చర్యపోయారు. "అప్పు తీరి రెండేళ్లయింది కదా!" అంటూ బీరువాలోంచి ఎన్‌ఓసీ తీసి చూపించారు. ఆయన మాట నిజమే. అయితే అప్పు తీరినంత మాత్రాన ఆర్‌సీలో హెచ్‌పీ దానంతటది పోదు. ఫారం 35 మీద ఓనరూ, అప్పిచ్చిన కంపెనీ ఇద్దరూ సంతకం పెట్టి రవాణా శాఖకి ఇవ్వాలి. ఆయన దగ్గరున్న ఉత్తరం గడువు ఎప్పుడో అయిపోయింది. కంపెనీ ఆ ఊళ్లో బ్రాంచి ఎత్తేసింది. కొత్త ఉత్తరానికి మూడు వారాలు పట్టింది.

ఆ మూడు వారాలు నాకు నిద్ర సరిగా పట్టలేదు. ఆయన మంచివారే, కానీ డబ్బు నాది. తెల్ల కాగితం మీద ముగ్గురం కూర్చుని రాసుకున్నాం: హెచ్‌పీ పోయి ఆన్‌లైన్‌లో కనిపించాకే మిగతా డబ్బు, నెల దాటితే బయానా వాపసు. ఎంత తెలిసినవాళ్లయినా ఈ కాగితం రాసుకోమనే నేను చెబుతాను.

హెచ్‌పీ పోయాక పేరు మార్పిడికి ఫారం 29, 30 మీద సంతకాలు. ఇక్కడ చిక్కు నా వైపు నుంచే వచ్చింది. ఇది మా ఒడిశా తెలుగువాళ్లందరికీ తెలిసిన బాధ. లైసెన్సులో నా ఇంటిపేరు ముందు ఉంది, మన పద్ధతిలో. ఆధార్‌లో ఇంటిపేరు చివరికి వెళ్లింది, ఇక్కడి పద్ధతిలో. పాన్‌లో పొడి అక్షరం మాత్రమే. మూడింటిలో మూడు పేర్లు. నోటరీ దగ్గర ఈ ముగ్గురూ ఒక్కరే అని అఫిడవిట్ రాయించి జత చేశాను. మా అబ్బాయి కాగితాలన్నీ మాత్రం ఒకే వరసలో ఉండేలా ఇప్పటి నుంచే చూస్తున్నాను.

బీమా దగ్గర కూడా జాగ్రత్త పడాలి. బండి మారిన 14 రోజుల్లో పాలసీ నా పేరుకి మార్చమని అడగాలి. క్లెయిమ్ చేయనందుకు పాత ఓనరుకి వచ్చిన తగ్గింపు, నో క్లెయిమ్ బోనస్, ఆయనదే, అది బండితో మనకి రాదు. ఆ తేడా కట్టాను. ఈ సైజు సరుకు బండికి థర్డ్ పార్టీ బీమా ఒక్కటే అప్పట్లో 16 వేల పైన, కాబట్టి పాలసీ ఇంకా ఎన్ని నెలలుందో కూడా బేరంలో లెక్కలోకి రావాలి. నేను ఆ మాట అప్పుడు అడగలేదు. ఐదు నెలలే మిగిలి ఉంది. అడిగి ఉంటే ఇంకో ఐదు వేలైనా తగ్గేవి. లైసెన్సుకి మాత్రం ఇబ్బంది లేదు. మొత్తం బరువు 7,500 కేజీల లోపు సరుకు బండికి ఎల్‌ఎంవీ, అంటే తేలికపాటి బండ్ల, లైసెన్సు చాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది.

ఇక నా ఏస్. కాశీనగర్‌లో కూరగాయలు అమ్మే కుర్రాడు 1.42 లక్షలకి అడిగాడు. "డబ్బిచ్చేస్తాను అన్నయ్యా, పేరు సంక్రాంతి తర్వాత మార్చుకుంటాను" అన్నాడు. ఇంతకుముందైతే సరే అనేవాణ్నేమో. కానీ ఆర్‌సీలో ఎవరి పేరుంటే యాక్సిడెంట్ బాధ్యత వాళ్లదేనని 2018లో సుప్రీంకోర్టు తీర్పు ఉంది. మా మేనమామ అమ్మేసిన బండి కోసం కోర్టుల చుట్టూ తిరగడం నేను చిన్నప్పుడు చూశాను. "రెండు వేలు తగ్గిస్తాను తమ్ముడూ, ఫీజు కూడా నేనే కడతాను, పేరు మాత్రం ఇప్పుడే మార్చుకుందాం" అన్నాను. ఒప్పుకున్నాడు. ఇద్దరం ఒకే రోజు ఆఫీసుకి వెళ్లాం, ఫారం 29 రసీదు నా దగ్గర పెట్టుకున్నాను.

నవంబరు చివరి వారంలో దోస్త్ ఆర్‌సీ నా పేరు మీద వచ్చింది. టైర్లు, పేరు మార్పిడి, బీమా తేడా, అఫిడవిట్, తిరుగుళ్లు అన్నీ కలిపి నాకు బండి పడింది 3.91 లక్షలకి. ఏస్ డబ్బు పోను మిగిలినదాంట్లో లక్షన్నర సంఘంలో అప్పు తీసుకున్నాను, రెండు సీజన్లలో తీర్చగలను.

మొన్న మేస్త్రీ గారితో కలిసి ఖాళీ బండితో మే నెలలో ఆగిపోయిన ఆ ఎగువ దాకా వెళ్లి వచ్చాను. సెకండ్ గేరులో ఎక్కేసింది. కొత్త టార్పాలిన్ కూడా కొన్నాను, రెండు పొరలది. జీడిమామిళ్లు పూతకి వస్తున్నాయి.