పచ్చ బీరువా తాళం

బ్యాచ్ మిత్రులారా, మన బడిలో ఆఫీసు గది పక్కన ఉండే పచ్చ బీరువా గుర్తుందా? లైబ్రరీ అంటే అదే. పుస్తకం పోతే ఎవరి జీతంలో కోస్తారోనన్న భయంతో దాన్ని ఏళ్ళ తరబడి ఎవరూ తెరవలేదు. 1985లో, మనం ఏడో తరగతిలో ఉండగా వచ్చిన తెలుగు మాస్టారు తాళం అడిగి తీసుకుని, రిజిస్టర్లో తన పేరు మీదే ముప్పై పుస్తకాలు రాయించుకుని, చేతిసంచీలో వేసుకుని మన క్లాసుకి తెచ్చేశారు. ఆ రోజు గదంతా కలరా ఉండల వాసన.

చివరి పీరియడ్‌లో ఆయన కథ చదివేవారు. సరిగ్గా గంట కొట్టే వేళకి కథ మంచి పట్టులో పడేది, ఆయన పుస్తకం మూసి కిటికీ గూట్లో పెట్టి వెళ్ళిపోయేవారు. "తర్వాతేమైంది మాస్టారూ" అని వెంటపడితే "పుస్తకం అక్కడే ఉందిగా" అనేవారు. ఆ గూటి దగ్గర మనం ఎంత తోసుకునేవాళ్ళమో మీకు నేను చెప్పక్కర్లేదు. నచ్చకపోతే సగంలో తిరిగిచ్చేసినా ఏమీ అనేవారు కాదు. కథలో నీతి ఏమిటని ఆయన ఒక్కసారి కూడా అడగలేదు, నాకు చదువు రుచి తగిలింది అందుకేనని నా గట్టి నమ్మకం.

మా ఇంట్లో గుంట మగ్గం. బడి నుంచి రాగానే నేను నేతకి కావలసిన నూలు కండెలు చుట్టాలి, పుస్తకం పట్టుకుంటే నాయనమ్మ సణిగేది. నాన్నకి చదువు రాదు. అందుకని నేను మగ్గం పక్కనే కూర్చుని పైకి చదివేదాన్ని. నూలును అటూ ఇటూ లాగే నాడె చప్పుడులో ఏదైనా మాట వినపడకపోతే నాన్న మగ్గం ఆపి "ఏందమ్మా, మళ్ళీ చదువు" అనేవాడు. మగ్గం ఆగితే నేత తగ్గుతుంది, నేత తగ్గితే కూలి తగ్గుతుంది, అది తెలిసీ ఆపేవాడు. మాస్టారి సంచీలో మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు కూడా ఉండేవి, విశాలాంధ్ర పుస్తకాల షాపు వాళ్ళ దగ్గర చౌకగా దొరికేవి కదా, గట్టి అట్ట, రంగుల బొమ్మలు. ఒకదాంట్లో ఇళ్ళ చూరుల దాకా మంచు పేరుకుపోయిన బొమ్మ చూపిస్తే నాన్న చాలాసేపు చూసి, "మన చినగంజాం ఉప్పు కుప్పల్లా ఉందే" అన్నాడు. మంచు అనే మాట ఎక్కడ విన్నా నాకు ఇప్పటికీ ముందు ఆ ఉప్పు కుప్పలే కనిపిస్తాయి.

నవంబరు 14 నుంచి గ్రంథాలయ వారోత్సవాలు. ఆ వారంలోనే మాస్టారు మనల్ని వేటపాలెం సారస్వత నికేతనానికి తీసుకెళ్ళారు. 1918లో మొదలైన లైబ్రరీ, 1929లో గాంధీగారు భవనానికి శంకుస్థాపన చేశారు. ఇంత దగ్గరున్నా మనలో చాలామందికి అదే మొదటిసారి. అక్కడ పాత ఆంధ్రపత్రిక సంపుటం ఒకటి బల్ల మీద తెరిచి చూపించారు, మా నాన్న పుట్టక ముందు అచ్చయిన కాగితం, పసుపు రంగుకి తిరిగిపోయింది. "చేతులు తుడుచుకుని ముట్టుకోండి" అన్నారే గానీ ముట్టుకోవద్దని అనలేదు.

ఇన్ని చూసి కూడా మా పెద్దాడి విషయంలో నేను పొరపాటు చేశాను. ఖరీదైన పుస్తకాలు కొని, రోజుకి పది పేజీలని టైంటేబుల్ పెట్టి, చదివింది అప్పజెప్పమనేదాన్ని. వాడికి పుస్తకమంటేనే టెన్షన్ పట్టుకుంది. చిన్నదానికి మాత్రం రాత్రి పక్కలో కథ చదువుతూ, మాస్టారిలాగే సగంలో ఆపి దీపం ఆర్పేశాను. నాలుగో రోజు దుప్పటి కింద ఫోన్ లైటు వెలుగుతుంటే వీడియో చూస్తోందేమోనని దుప్పటి లాగాను. చేతిలో పుస్తకం ఉంది.

మొన్న బడికి వెళ్ళాను. బీరువాకి రంగు మార్చారు, తాళం మాత్రం అలాగే ఉంది. ఈసారి కలిసినప్పుడు మన బ్యాచ్ పేరు మీద ఆర్చీ కట్టిద్దామని కొందరు అంటున్నారు. నా మాట వినండి, ఆ డబ్బుతో తలుపుల్లేని అరలు చేయిద్దాం, ఆరో తరగతి పిల్లకి చెయ్యి అందే ఎత్తులో. పుస్తకాలు పోతాయి, చిరుగుతాయి. పోయినవి ఏటా మనమే కొనిపెడతామని, ఏ టీచరు జీతంలోనూ కొయ్యనక్కర్లేదని హెడ్మాస్టరు గారికి కాగితం మీద రాసిద్దాం. వడ్రంగితో నేను మాట్లాడతాను.