బుధవారం, డోనర్ ఓపీ

ఈరోజు వచ్చినవాళ్లలో ఒక తమ్ముడు. అక్కకి కిడ్నీ ఇస్తానంటున్నాడు. బ్లడ్ గ్రూపు కలిసింది, బీపీ, షుగర్ లేవు. ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 104 కిలోలు. బీఎంఐ (ఎత్తుకి బరువు ఎంతుందో చెప్పే లెక్క) 37కి దగ్గర. 35 దాటితే చాలా సెంటర్లు డోనర్‌గా ఒప్పుకోవు. ఈ ఎత్తుకి 35 అంటే 99 కిలోలు.

ఊబకాయం ఉన్నప్పుడు కిడ్నీలు ముందే శక్తికి మించి వడపోస్తుంటాయి. ఒకటి తీసేస్తే రెండోదాని మీద ఇంకా భారం. అందుకే ముందు బరువు తగ్గించే ఆపరేషన్ మాట వచ్చింది.

"ఏది తొందరగా తగ్గిస్తే ఆ ఆపరేషనే చెయ్యండి సార్" అన్నాడు. అలా కుదరదు. పొట్టనీ పేగునీ దారి మళ్లించే గ్యాస్ట్రిక్ బైపాస్‌లో బరువు బాగా తగ్గుతుంది గానీ, అరగని కొవ్వు పేగులో కాల్షియంని పట్టేస్తుంది. కాల్షియంతో కలిసి విరేచనంలో పోవాల్సిన ఆక్సలేటు (తిండిలో ఉండే ఒక లవణం) రక్తంలోకి, మూత్రంలోకి చేరుతుంది. రాళ్లు పడతాయి, ఒక్కోసారి కిడ్నీయే పాడవుతుంది. ఒక్క కిడ్నీతో బతకబోయే మనిషికి ఆ గండం ఎందుకు? స్లీవ్ ఆపరేషన్ మేలు. పొట్ట సంచిలో ముప్పాతిక వంతుకు పైగా తీసేస్తారు, పేగుల జోలికి పోరు.

తర్వాత రెండు వారాలు ద్రవాలే, ఆపైన మెత్తనివి. రోజుకి కనీసం 60 గ్రాముల ప్రొటీన్. నీళ్లు లీటరున్నర, గుక్కగుక్కగా. మొదట్లో దెబ్బ తినేది ఇక్కడే: వాంతులై ఒంట్లో నీరు తగ్గితే క్రియాటినిన్ (కండల నుంచి వచ్చే, కిడ్నీలు వడపోసే వ్యర్థం) పెరుగుతుంది. బీ12, ఐరన్, కాల్షియం, డి విటమిన్ మానకూడదు. డైక్లోఫెనాక్, ఇబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు ఇక ముట్టకూడదు.

బరువుతోపాటు కండ కరిగినా క్రియాటినిన్ తగ్గి కనిపిస్తుంది. అది చూసి కిడ్నీ బాగుందనుకుంటే మోసపోతాం. దానానికి ముందు, కిడ్నీలు ఎంత వడపోస్తున్నాయో నేరుగా కొలిచే డీటీపీఏ స్కాన్ మళ్లీ చేయాల్సిందే. ఎడమ కిడ్నీ తీసేటట్లయితే స్లీవ్ వల్ల ప్లీహం దగ్గర అతుకులు ఉండొచ్చని సర్జన్‌కి ముందే చెప్పాలి.

ఇదంతా ఆరు నెలల నుంచి ఏడాది పని. ఈలోగా అక్కకి డయాలసిస్ ఆగకూడదు, చనిపోయినవాళ్ల అవయవాలు ఇప్పించే ప్రభుత్వ పథకం జీవన్‌దాన్‌లో పేరూ నమోదవ్వాలి. యూరిన్ ప్రొటీన్, సీటీ యాంజియో (కిడ్నీ రక్తనాళాల స్కాన్), క్రాస్‌మ్యాచ్ (అక్క రక్తం తమ్ముడి కణాల మీద దాడి చేస్తుందా అని చూసే పరీక్ష) స్లీవ్‌కి ముందే తేల్చుకోవాలి. పొట్ట కోశాక డోనర్‌గా పనికిరాడని తెలిస్తే అంతకన్నా అన్యాయం లేదు.

చుట్టాలు లేకుండా అతన్ని కూర్చోబెట్టి నేను అడిగింది ఒక్కటే: "అక్క కోసం కాకపోయినా ఈ ఆపరేషన్ చేయించుకుంటారా?" చాలాసేపు మాట్లాడలేదు. వచ్చే బుధవారం భార్యతో కలిసి వస్తానన్నాడు.